తొరాంబియాపై తీవ్ర విచారం

ప్రజాస్వామ్యం ఎక్కడ క్షీణించినా, ఆ సంగతి గమనించే అధికారం అక్కడికి కనీసం ఒక సముద్రం దూరంలో ఉన్నవాళ్లకే ఉంటుంది. దగ్గరున్నవాళ్లకు కళ్లల్లో పొగ పడి సరిగ్గా కనపడదు. ఈ సత్యాన్ని నమ్మిన దేశాలు అగ్రరాజ్యాలయ్యాయి. నమ్మిన మనుషుల్లో ప్రొఫెసర్ సుందరరావు ఒకడు.

సుందరరావు తార్నాకలో కాపురం. పక్కనే ఉన్న యూనివర్సిటీలో 'విదేశీ ప్రజాస్వామ్య క్షీణత పరిశీలన కేంద్రా'నికి డైరెక్టరు. కేంద్రమంటే ఒక గది, ఒక ప్రపంచపటం, అరుంధతి అనే రీసెర్చ్ స్కాలరు. (కుర్చీలు రెండు మంజూరయ్యాయి. ఒకటి వచ్చింది.) పాతికేళ్లుగా పరదేశాల గురించి విచారిస్తున్నా, భీమవరం దగ్గర పుట్టిన ఆయన కళ్లారా చూసిన పరదేశం యానాం ఒక్కటే. అది ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది కాబట్టి బయోడేటాలో విదేశీ పర్యటన కింద వేసుకోవచ్చా అని రిజిస్ట్రారు ఆఫీసుకు రాశాడు. ఫైలు నడుస్తోంది.

అగ్రరాజ్యాలు పాటించే పద్ధతినే కేంద్రమూ పాటించేది. ఏ దేశంలోనైనా ఎన్నికలు వాయిదా పడితే 'గమనిస్తున్నాం'. పత్రికలు మూయిస్తే 'విచారం'. ప్రతిపక్షాన్ని జైల్లో వేస్తే 'తీవ్ర విచారం'. ఆ దేశంలో చమురు బయటపడితే మళ్లీ 'గమనిస్తున్నాం'.

2010 మొదట్లో ఆయన పంట పండింది. తొరాంబియా అనే దేశంలో అధ్యక్షుడు, ఓటర్లు ఇంకా తయారుగా లేరని చెప్పి ఎన్నికలు నాలుగోసారి వాయిదా వేశాడు. ప్రపంచం ఊరుకోలేదు. ఒక అగ్రరాజ్యం ఘాటుగా లేఖ రాసింది. రెండోది ఆ లేఖను బలపరిచింది. మూడోది, ఆ లేఖ తీరిగ్గా చదువుకోవడానికి అధ్యక్షుడికి ఒక విమానం అమ్మింది. అయినా ఆయన మారకపోయేసరికి, జరగని ఎన్నికలను పరిశీలించడానికి అంతర్జాతీయ బృందాన్ని పంపాలని అందరూ కలిసి తీర్మానించారు. దేనితోనూ ఏ సంబంధమూ లేని నిపుణుల కోసం గాలిస్తే సుందరరావు పేరు తేలింది.

ఆహ్వానం చూసుకుని సుందరరావు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆయన భార్య సుబ్బలక్ష్మి రెండు స్వెట్టర్లు కొనుక్కొచ్చింది. తొరాంబియా మన రెంటచింతల కంటే వేడి అని చెప్పినా వినలేదు. "విదేశం అన్నాక చలి ఉండదా అండీ?" అంది. ఇక మిగిలింది పాస్‌పోర్టు. దానికి పోలీసు విచారణ.

ఇక్కడ స్థానిక పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి (సుందరరావు చెప్పుకోడు కాబట్టి). తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లో ఉవ్వెత్తున లేచింది. గేట్లకు ముళ్లకంచెలు వేశారు. హాస్టళ్లలో మెస్సులు మూసేశారు. చెట్లకంటే పోలీసులు ఎక్కువయ్యారు.

"సార్, గేట్ కాడ మళ్ల ఆపిన్రు," అంటూ ఒకరోజు అరుంధతి ఆయాసపడుతూ వచ్చింది. "ఐడీ కార్డు చూపిస్తే, ఫొటోల నవ్వుతున్నవ్, ఇప్పుడు నవ్వుతలేవ్, నువ్వు గాదు అన్నరు. ఆఖరికి నవ్వి చూపిచ్చి వచ్చిన. మన సెంటర్ నుంచి ఒక స్టేట్‌మెంట్ ఇద్దాం సార్. తీవ్ర విచారం వద్దు, ఉత్త విచారం చాలు."

"నిబంధనలు ఒప్పుకోవమ్మా. మధ్యలో కనీసం ఒక సముద్రం ఉండాలి."

"సీఎం బంగ్లాకు మనకు నడుమ హుస్సేన్ సాగర్ ఉన్నది గద సార్?"

సుందరరావు పటం ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఆ ప్రశ్నను న్యాయ సలహా కోసం పంపించాడు.

మర్నాడే విచారణకు కానిస్టేబులు వెంకటేశ్వర్లు ఇంటికి వచ్చాడు. కడప మనిషి, మర్యాదస్థుడు. కాఫీ తాగుతూ బల్లమీదున్న వ్యాసం తీసి పైకి చదివాడు. "'యూనివర్సిటీ చుట్టూ ముళ్లకంచెలు వేసినారు. విద్యార్థుల అన్నం ఆపినారు. హాస్టల్ కిటికీల్లోకి బాష్పవాయువు కొట్టినారు.' ఏంది సార్ ఇది? మా మీద ఇంత రాసినారే!"

"అయ్యో, అది తొరాంబియా అండీ!"

"యాడుంది సార్ ఆ దేశం?"

సుందరరావు పటం తెప్పించి చూపించాడు. వెంకటేశ్వర్లు వంగి చూశాడు. "ఇంతే ఉంటే ఇన్ని ముళ్లకంచెలు యాడ పడతాయి సార్?" అని సందేహం వెలిబుచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక పని చేయండి. రిపోర్టు రాసేదాకా ఈడ జరిగే దేనికీ మీరు బాధపడొద్దు. బాధపడినారంటే ఉద్యమం మనిషని రాయాల్సొస్తాది. చుట్టుపక్కలోళ్ల మాట కూడా తీసుకుంటా," అన్నాడు.

చుట్టుపక్కలంటే అపార్ట్‌మెంటు సెక్రటరీ శశిభూషణ్. ఆయన నిజం తప్ప చెప్పడు. "మేష్టారు చాలా నెమ్మదస్తులండీ. ఒక్క మంజీరా నీళ్లు రానప్పుడు మాత్రం మెట్లమీద నిలబడి బాధపడ్డారు," అన్నాడు. దాంతో రిపోర్టు ఆగిపోయింది. ఆ పూట నుంచి సుందరరావు కొళాయి ఎండినా చిరునవ్వుతోనే బకెట్లు మోశాడు. కరెంటు పోతే చప్పట్లు కొట్టాడు. పేపరు వస్తే విదేశీ వార్తల పేజీ ఉంచుకుని మిగతాది చదవకుండానే బజ్జీలవాడికి ఇచ్చేశాడు.

ప్రయాణం దగ్గర పడింది. అంగీకార పత్రం మీద వెయ్యాల్సిన కేంద్రం ముద్ర గదిలో ఉండిపోయింది. హాస్టల్ పిల్లల్ని తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. అరుంధతి ముద్ర తీసుకుని గేటు దాకా వచ్చింది. కంచెలోంచి చెయ్యి పెట్టి అందిస్తుండగా వెనకనుంచి ఊరేగింపు వచ్చిపడింది. టప్పుమని బాష్పవాయు గోళం పేలింది. పొగ కమ్మేసింది.

సుందరరావు కళ్లవెంట ధారగా నీళ్లు కారాయి. ఎదురుగా వెంకటేశ్వర్లు.

"ఏడుస్తాండారా సార్?" అని అడిగాడు కానిస్టేబులు కంగారుగా. పాపం, రిపోర్టు సగం రాశాడు.

"లేదండీ! ఇది వాయువు వల్ల వచ్చిన నీరు. భావం వల్ల వచ్చింది కాదు. నాకసలు ఏమీ అనిపించడం లేదు!"

ఈలోగా ఇద్దరు పోలీసులు అరుంధతి రెక్క పట్టుకుని వ్యాను వైపు లాక్కుపోయారు. "సార్! ముద్ర ఇయ్యనీకి వచ్చిన్నని చెప్పుండ్రి సార్! మీ స్కాలర్‌నని చెప్పుండ్రి!" అని అరిచింది పిల్ల. ఇన్‌స్పెక్టరు ఇటు తిరిగి, "మీకు తెలుసా ఈ అమ్మాయి?" అన్నాడు.

సుందరరావు ఆమె వైపు చూశాడు. నాలుగేళ్లుగా తన వాక్యాలు దిద్దిన పిల్ల. తనకు జ్వరమొస్తే రైలెక్కి జగిత్యాల నుంచి తిరిగొచ్చిన పిల్ల. జాలేసింది, సిగ్గేసింది, భయమూ వేసింది. వెంకటేశ్వర్లు కలం తీసి సిద్ధంగా ఉన్నాడు. ఆ కలం చూడగానే భయం మిగతా రెంటినీ తోసేసింది.

"పరిస్థితిని నిశితంగా గమనిస్తున్నాం," అన్నాడు సుందరరావు.

వ్యాను తలుపు మూసుకుంది.

ఇంటికి వచ్చి సంగతంతా సుబ్బలక్ష్మికి చెప్పాడు. చివర్లో కాస్త సర్దుకుని, "ఇరుపక్షాలూ సంయమనం పాటించాలి," అన్నాడు.

"ఒక పక్షం మన అరుంధతి. రెండో పక్షం వ్యాను. ఎవరు ఎంత పాటించాలో మీరే చెప్పండి," అని ఆవిడ పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. స్టేషనులో "మా అమ్మాయి" అని సంతకం చేసి పిల్లను తీసుకొచ్చి హాస్టల్లో దింపింది. స్వెట్టర్లలో ఒకటి కూడా ఇచ్చేసి వచ్చింది. మొగుడితో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు. సుందరరావు అన్నం తానే పెట్టుకుని తిన్నాడు. ఏదో ఒకటి అనాలని రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్లి, విచారమా, తీవ్ర విచారమా తేల్చుకోలేక వెనక్కి వచ్చాడు.

ఐదో రోజున వెంకటేశ్వర్లు సంతోషంగా రిపోర్టు తెచ్చి చూపించాడు. అందులో ఇలా ఉంది: "సదరు సుందరరావు గురించి స్వయముగా విచారించితిని. ఈ ప్రాంతమున ఆయనకు ఎవరునూ తెలియరని రూఢి అయినది. విదేశములకు పంపుటకు అభ్యంతరము లేదు."