కోచ్ ఫెర్రిబీకి ఏడో స్థానం

ఆగస్టు రెండో శనివారం పొద్దున్నే ఎజ్రా పెట్‌వే చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఓఫీలియా హోటలు గోడకి కాగితం అంటించడానికి బయల్దేరాడు. ఆటల సీజను ముందు ఏటా జరిగే పనే. తెల్లవాళ్ళ కాలేజీలు మన నల్ల కుర్రాళ్ళని గడప తొక్కనివ్వని రోజుల్లో, మన కాలేజీ జట్లని నడిపిన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌లలో గొప్పవాళ్ళు పదిమంది ఎవరన్నది ఎజ్రా, ఆయన ముగ్గురు స్నేహితులూ కలిసి ఓట్లేసి తేల్చి, ఆ జాబితా అక్కడ అంటించేవారు. ఒకటో స్థానం ఎప్పుడూ ఊరి కాలేజీ కోచ్ ఏమొస్ ఫెర్రిబీదే. మూడు ఓట్లు అటు, ఒక్కటి ఇటు. ఆ ఒక్కటీ ఎజ్రాది.

ఆ ముగ్గురూ ఇప్పుడు చర్చి వెనక మట్టిలో ఉన్నారు. ఆఖరివాణ్ణి మార్చిలో పూడ్చారు. ఈ ఏడు ఓటేసేవాడు ఎజ్రా ఒక్కడే. నలభై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నది కాగితం మీద పెట్టాడు: ఫెర్రిబీ, ఏడు. ఆ ఊళ్ళో దేవుణ్ణి ప్రశ్నించవచ్చు, బుధవారం బైబిల్ తరగతి ఉన్నదే అందుకు. ఫెర్రిబీని ప్రశ్నించకూడదు. ఊరు భగ్గుమంటుందని ఎజ్రాకి తెలుసు. ఆయనకి కావలసిందీ అదే. మార్చి నుంచీ ఆ ఇంట్లో ఆయన గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. తిట్టడానికైనా ఎవరో ఒకరు రావాలి కదా!

ఓఫీలియా కాగితం చదివింది. అరవలేదు. వేడి కాఫీ కప్పు మెల్లగా ఆయనకి అందనంత దూరం జరిపింది.

"ఎజ్రా... నేనెవరో తెలుస్తోందా?" అంది, చెవిటివాడితో మాట్లాడినట్టు.

"ఓఫీలియావి. రోజూ మొక్కజొన్న గ్రిట్స్ జావ మాడ్చేదానివి."

"అయ్యో పాపం, ఎంత మనిషి ఎలా అయిపోయాడు!" అంటూ ఫోను దగ్గరికి పరుగెత్తింది.

మధ్యాహ్నానికల్లా సిస్టర్ జునీటా ఆయన ఇంటికి వచ్చేసింది. ఆసుపత్రిలో నర్సు, చర్చిలో అందరికన్నా పెద్ద గొంతు. వస్తూనే చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"బ్రదర్ ఎజ్రా, మన దేశానికి ప్రెసిడెంట్ ఎవరు?"

"ఎవడైతే మనకి ఒరిగేదేముంది?"

'తెలియదు' అని రాసుకుంది.

ఆ వెనకే పళ్ళేలు మొదలయ్యాయి. మనవాళ్ళు పిలవకుండా పళ్ళెం పట్టుకుని గడప ఎక్కారంటే ఆ ఇంట్లో ఒకరు పోయైనా ఉండాలి, పోబోతూనైనా ఉండాలి. వేయించిన కోడి, చీజు వేసిన మాకరోనీ, కొలార్డ్ ఆకుకూర, పీచ్ పండ్లతో కాల్చిన తీపి కాబ్లర్. కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చుకున్నారు. ఎజ్రా మొహం వెలిగిపోయింది. ఎందుకొచ్చారో పట్టించుకోలేదు. వచ్చారు, అంతే. కోడి కాలు చేత్తో ఊపుతూ వాదన అందుకున్నాడు.

"అరవై నాలుగు, నవంబరు! ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఒక్క గజం, ఒకే ఒక్క గజం తోసుకుపోతే మనదే ఆట. మీ మహానుభావుడు ఏం చేశాడు? జడిసి, బంతిని అవతలివాళ్ళకి తన్నించేశాడు! ఆగస్టు ఎండలో కుర్రాళ్ళని గుక్కెడు నీళ్ళు తాగనిచ్చాడా? కుర్రాళ్ళ విరిగిన మోకాళ్ళ మీద నిలబెట్టారు ఆయన కంచు విగ్రహాన్ని!"

జునీటా కళ్ళొత్తుకుంది. "విన్నారుగా? పాతవన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. మతిమరుపు జబ్బు గుణమే అది."

ఎంత గట్టిగా చెబితే అంత జాలిపడ్డారు. స్కోర్లు చెప్పాడు, ఆడవాళ్ళు ఏడ్చారు. తేదీలు చెప్పాడు, మగవాళ్ళు తలలు దించుకున్నారు. అప్పట్లో ఫెర్రిబీ జట్టులో ఆడిన చర్చి పెద్ద డీకన్ టాలివర్, "జాగ్రత్త కోసం" అంటూ ఎజ్రా కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. రెవరెండ్ స్టోక్స్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"వృద్ధాశ్రమంలో గది ఖాళీ ఉంది. సోమవారం పొద్దున్నే తీసుకెళ్దాం. ఈ ఇంటి సంగతి చర్చి చూసుకుంటుంది."

"ఆమెన్!" అన్నారంతా.

ఎజ్రా చేతిలో కోడి కాలు ఆగిపోయింది. గది నిండా ఉన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే చూశాడు. మాట మీద నిలబడితే ఇల్లు పోతుంది. మాట మార్చుకుంటే ఈ జనం పోతారు.

"పెన్సిలు ఇటివ్వండి," అన్నాడు చివరికి. ఓఫీలియా సాక్ష్యంగా తెచ్చిన కాగితం మీద ఏడు కొట్టేసి ఒకటి వేశాడు.

"దేవుడు మన మనిషిని మనకి తిరిగిచ్చాడు!" అని రెవరెండ్ చేతులెత్తాడు. కౌగిలింతలయ్యాయి. పది నిమిషాల్లో ఇల్లు ఖాళీ. జునీటా పళ్ళేలన్నిటి మీదా మళ్ళీ మూతలు పెట్టింది. "ఏమనుకోకు బ్రదర్, రోడ్డవతల సిస్టర్ హాటీకి నిజంగానే బాలేదు," అంటూ కోడితో సహా పట్టుకుపోయింది.

ఆఖర్న డీకన్ టాలివర్ మిగిలాడు. తాళాలు ఎజ్రా చేతిలో పెట్టి, అటూ ఇటూ చూసి చెవిలో అన్నాడు.

"నీళ్ళడిగానని నన్ను నాలుగు గంటలు పరుగెత్తించాడు ఆ దుర్మార్గుడు. నేనైతే అసలు పదిమందిలోనే వెయ్యను."

ఎజ్రా ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. "మరి ఇందాక నోరు పడిపోయిందేంరా? రా, కూర్చో. కాఫీ పెడతాను, మాట్లాడుకుందాం."

"అమ్మో! నేను మామూలుగానే ఉన్నానని అంతా అనుకుంటున్నారు, అలాగే ఉండనీ," అని చెయ్యి విడిపించుకుని, కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఎజ్రా గుమ్మంలో నిలబడి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. ఊళ్ళో తనలాంటి పిచ్చివాళ్ళు ఇంకా చాలామందే ఉండి ఉంటారు, ఒక్కొక్కరూ ఒక్కో ఇంట్లో, లోపల గడియ పెట్టుకుని.