మేడ మీది వంకాయ

ఆ ఏడంతస్తుల భవనంలో కాపురముంటున్న వారందరూ వచ్చే ఆదివారం నుంచి రైతులైపోవాలని నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వ్యతిరేకించడానికి ఒకాయన లేచాడు గానీ, సరిగ్గా అప్పుడే టీ రావడంతో మళ్లీ కూర్చున్నాడు. తీర్మానం ప్రతిని లిఫ్టులో అతికించారు. "నేలతల్లికి సేవ చేద్దాం. మట్టి కాళ్లతో లిఫ్టు ఎక్కరాదు" అని ఉంది అందులో.

నేల ఎక్కడుందని మాత్రం అడక్కండి. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, బట్టలారేసే తీగల కింద బోలెడంత జాగా ఉంది. అక్కడికి మట్టి తెచ్చి పోస్తే అదే నేల. ఇలాంటి చిన్న విషయాల దగ్గర ఆగిపోయే సంఘం కాదది.

గురువు కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది. నాలుగో అంతస్తులో డైరెక్టరుగారున్నారు. వ్యవసాయ శాఖలో సర్వీసంతా పూర్తిచేసి, దండ వేయించుకుని మరీ రిటైరయ్యారు. తొలిసారి సాగు చేసేవారి కోసం శాఖ పంచిపెట్టే చిన్న పుస్తకం ఆయన రాసిందే. రాసిందంటే, అంతకుముందున్న డైరెక్టరు రాసినదాని మీద తన ఫొటో వేయించుకున్నారు. ఆ ముందాయనా అలాగే వేయించుకున్నాడు. తరతరాల జ్ఞానమంటే అదే మరి. మట్టిని ఎలా కాపాడాలి, విత్తనం ఎంత లోతున వేయాలి, నీళ్లెప్పుడు పెట్టాలి, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పొలంలో కాలు పెట్టింది మాత్రం ఒకే ఒక్కసారి, అదీ కారు టైరు పంక్చరైనప్పుడు. పాపం, అప్పుడు కూడా డ్రైవరు కింద పేపరు పరిచాడు.

ఆ డ్రైవరు కాకుండా ఈ సంగతి తెలిసిన ప్రాణి లోకంలో ఒక్కతే. ఖర్మ కాలి ఆవిడ ఆయన భార్య అయింది.

"మీరా? సాగు నేర్పుతారా?" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "హాల్లో ఉన్న ప్లాస్టిక్ మొక్కకి ఏడాదిపాటు నీళ్లు పోసిన మహానుభావులు మీరు. నేను చెప్పేదాకా దానికి ఎండ చాలట్లేదని బెంగ పెట్టుకున్నారు."

"అది చూడ్డానికి నిజం మొక్కలాగే ఉందే..."

"సరే, పందెం. ఒక్క వంకాయ, ఒకే ఒక్కటి, మీ చేత్తో పండించి నా చేతిలో పెట్టండి. ఇక ఈ జన్మలో మిమ్మల్ని చేతకాని మనిషంటే నా మీద ఒట్టు."

డైరెక్టరుగారు పందేనికి వెంటనే సై అన్నారు. పెళ్లైన దగ్గర్నుంచి ఆ బిరుదు ఆయన మోస్తూనే ఉన్నారు. మేకు కొడితే గోడ ఊడింది, బల్బు మారిస్తే వీధంతా చీకటైంది. ఆఫీసులో ఎంతమంది లేచి నిలబడ్డా, ఇంట్లో ఆ మాట వినగానే ఆయన గాలి తీసిన బెలూన్‌లా అయిపోయేవారు. ఒక్క వంకాయతో అదంతా మాసిపోతుందంటే, ప్రమోషను ఏ మూలకి?

మొదటి పాఠం మట్టి. డైరెక్టరుగారు కళ్లు మూసుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పారు. "మట్టిని నిర్జీవ పదార్థమనుకోకండి. గుప్పెడు మట్టిలో కోట్లాది సూక్ష్మజీవులు నివసిస్తాయి."

సభలో కలకలం రేగింది. మూడో అంతస్తు అత్తగారు పమిట ముక్కుకడ్డం పెట్టుకుంది. "కోట్లాది క్రిములా? పిల్లలు తిరిగే చోటండీ ఇది! మా కోడలు అసలే రోజుకి పది తుమ్ములు తుమ్ముతుంది!"

"అమ్మా, అవి మంచివి..." అనబోయారు డైరెక్టరుగారు. అప్పటికే సంఘం అధ్యక్షులవారు లేచేశారు. ఆయన లేచారంటే ప్రసంగమే.

"మిత్రులారా! మట్టిని సంరక్షించడమంటే ఏమిటి? మనల్ని మనం ఎలా చూసుకుంటామో దాన్నీ అలా చూసుకోవడం! మనం స్నానం చేయమా? చేస్తాం. మరి మట్టి ఏం పాపం చేసింది?"

చప్పట్లు మార్మోగాయి. మరుసటి ఉదయమే బస్తాల కొద్దీ వచ్చిన మట్టిని మేడ మీద పరిచి, జల్లెడపట్టి, వేడినీళ్లతో కడిగి, ఇంటింటి కుండీల్లోనూ నింపి, ఆపైన ఫినాయిలు చల్లారు. వానపాములు కనిపిస్తే చీపురుతో సాగనంపారు. సాయంత్రానికి మట్టి ఆసుపత్రి వరండాలాగా ఘుమఘుమలాడిపోయింది. డైరెక్టరుగారు మనసులో లబోదిబోమన్నారు గానీ, గురుస్థానంలో ఉన్నవాడు శిష్యుల ఉత్సాహం మీద నీళ్లు చల్లకూడదు కదా. దానికి "మట్టి శుద్ధి, ఆధునిక పద్ధతి" అని పేరు పెట్టి ఊరుకున్నారు. తీరా ఆయన కుండీ వంతు వచ్చేసరికి ఫినాయిలు నిండుకుంది. శుద్ధి కాని మట్టిని అందరి మధ్యా ఉంచడం మర్యాద కాదని, ఆ కుండీని ట్యాంకు వెనక గోడవారగా తోశారు. ఆయనకు చాలా సిగ్గేసింది.

రెండో పాఠం విత్తనం. భవనంలో ఒక్కొక్కరూ తమ తమ విద్యలన్నీ సాగుకు ధారపోశారు. రోడ్లు వేయించిన ఇంజినీరుగారు విత్తనాలు వేసి, పైన నీళ్లు చల్లి, రోకలితో దిమ్మిస కొట్టారు. అది ఇక జన్మలో గుంట పడదని హామీ కూడా ఇచ్చారు. సంగీతం టీచరు పొద్దున్నే కుండీ ముందు గొంతు సవరించుకునేది. మొలకలు ఆలస్యం కావడానికి అదే కారణమని ఎదురు ఫ్లాటావిడ లిఫ్టులో అందరితోనూ చెప్పింది. పళ్ల డాక్టరుగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. వేరు గట్టిగా ఉందో లేదో కదిపి చూడడం ఆయన వృత్తిధర్మం. రోజూ నారుని రెండు వేళ్లతో పైకి లాగి, అద్దంలో వేరు చూసి, "కొంచెం వదులుగా ఉంది, భయం లేదు" అని ఓదార్చి మళ్లీ గుచ్చేవారు.

మూడో పాఠం నీళ్లు. మొక్కకు నీళ్లు ప్రాణమని డైరెక్టరుగారు అన్నదే తడవు, ప్రతి ఇంట్లో ఎవరికి తీరినప్పుడు వాళ్లు వచ్చి పోశారు. ఆఫీసుకి వెళ్తూ భర్త, బట్టలారేస్తూ భార్య, ఏమీ తోచక మామగారు. ఏడో అంతస్తువారి పడకగదిలో కప్పు ముందు చెమ్మగిల్లి, ఆ తర్వాత పచ్చగా నాచుపట్టింది. ఆ ఇంటాయన లబోదిబోమంటూ వచ్చి ఫిర్యాదు చేస్తే, సంఘం శ్రద్ధగా విని, దాన్ని ఈ పథకం కింద వచ్చిన తొలి పచ్చదనంగా గుర్తించి, ఆయనకే శాలువా కప్పింది. శాలువా కప్పించుకున్న మనిషి మళ్లీ ఏమని అరుస్తాడు చెప్పండి.

డైరెక్టరుగారి మొక్కకు మాత్రం ఈ భాగ్యమేదీ పట్టలేదు. లిఫ్టు మేడ దాకా పోదు, చివరి మెట్లెక్కాలంటే ఆయన మోకాళ్లు మొరాయిస్తాయి. ఓపికున్న రోజున వెళ్లి చెంబుడు నీళ్లు పోసి, "నా పరువు నీ చేతుల్లో ఉందే తల్లీ" అని వచ్చేసేవారు. దాన్నెవరూ కదపలేదు, దానికెవరూ పాడలేదు.

ఎన్ని నాట్లు మళ్లీ మళ్లీ వేశారో గానీ, మొత్తానికి కొన్ని మొక్కలు జాలిపడి బతికాయి. పూత కూడా వచ్చింది. సంఘం కాలు నేల మీద నిలవలేదు. పూత సందర్భంగా మేడ మీద సభ పెట్టారు. "ఈ పువ్వులు పువ్వులు కావు, మన ఐకమత్యానికి..." అని అధ్యక్షులవారు చెయ్యెత్తగానే ఒక తేనెటీగ వచ్చి ఆయన చెవి మీద కుట్టింది. చెవి గారెలా ఉబ్బింది. అత్యవసర సమావేశంలో, భవనంలో నివసించనివారు అనుమతి లేకుండా మేడ మీదికి రాకూడదన్న పాత నిబంధనను తేనెటీగలకూ వర్తింపజేస్తూ, చుట్టూ సన్నటి వల కట్టించారు.

"అయ్యా, పుస్తకంలో తేనెటీగలు పంటకు నేస్తాలని..." అని గొణిగారు డైరెక్టరుగారు.

అధ్యక్షులవారు చెవి తిప్పి చూపించారు. డైరెక్టరుగారు పుస్తకం మూసేశారు.

వల ట్యాంకు వెనక దాకా చాలలేదు. అక్కడ ముఖ్యమైనవేమీ లేవు కాబట్టి వదిలేశారు.

కోతల ప్రదర్శన, బహుమతుల పోటీ తేదీ ముందే అచ్చయిపోయింది. కాయలు రాకపోయినా తేదీ వస్తుంది కదా. పూత కాస్తా రాలిపోయి, మొక్కలు బోసిగా నిలబడ్డాయి. అందరి ముఖాల్లోనూ కళ తప్పింది. తర్వాత ఎందుకో, ఎవరికి వారికే, మళ్లీ ధైర్యం వచ్చింది. ఆ వారం వీధి చివర కూరగాయల కొట్టు కిటకిటలాడిపోయింది. ఒకరికొకరు ఎదురుపడితే, "ఇంట్లోకండీ, ఇంట్లోకి" అని సంచీ వెనక్కి దాచుకున్నారు.

ప్రదర్శన రోజు ఉదయం డైరెక్టరుగారు దిగాలుగా, మోకాళ్లు పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కి ట్యాంకు వెనక్కి వెళ్లారు. వెళ్లి నోరు వెళ్లబెట్టారు. ఆకుల చాటున వంకాయ! నిజం వంకాయ! గొట్టానికీ గోడకీ మధ్య ఇరుక్కుని పెరగడంతో కొక్కెంలా వంకర తిరిగింది. ఒకవైపు పాలిపోయి ఉంది. ముచ్చిక కింద చిన్న కన్నం, ఆ కన్నంలోంచి ఒక పురుగు కూడా ఆయన్ని చూసింది. ఆయన పట్టించుకుంటేగా! ప్లాస్టిక్ కాదు కదా అని గోరుతో గిల్లి చూశారు. పచ్చి వాసన వచ్చింది. అంతే, కళ్లనీళ్లు జలజలా రాలాయి. ఇంతకాలం తను చెబుతూ వచ్చిందంతా నిజమేనన్నమాట! విత్తనం వేస్తే నిజంగానే మొలుస్తుందన్నమాట! ఆయన అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా పకపకా నవ్వారు.

ముఖ్య అతిథిగా ఫినాయిలు వ్యాపారిని పిలిచారు. ఈ మధ్య సాగు మీద ఆయనకు విపరీతమైన అభిమానం పెరిగిపోయింది. మేడంతా కన్నుల పండుగగా ఉంది. ప్రతి మొక్కకూ నిగనిగలాడే కాయలు, ఆకుపచ్చ దారంతో కట్టినవి. ఒక టమాటా మీద కొట్టువాడి స్టిక్కరు ఇంకా మెరుస్తోంది. మూడో అంతస్తు అత్తగారి మిరపమొక్కకు ఒకే కొమ్మన రెండు వంకాయలూ ఒక బంగాళాదుంపా వేలాడుతున్నాయి. బరువుకి ఆ మొక్క పక్కనున్న కుర్చీ మీద తల వాల్చింది.

"ఆహా! కొమ్మకు కాసిన దుంప! తవ్వే శ్రమే లేదు!" అని అతిథి మురిసిపోయారు.

ఎవరూ నవ్వలేదు. ఎవరి దారం వారికి తెలుసు కాబట్టి ఎదుటివారి దారం ఎవరికీ కనబడలేదు. డైరెక్టరుగారికి అన్నీ కనబడ్డాయి గానీ, చెబితే పరువు పోయేది గురువుదే. పైగా ఇవాళ ఆయన గుండెల్లో వేరే పండుగ జరుగుతోంది. తన వంతు రాగానే ఆ వంకర వంకాయను అరచేతిలో పెట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ముందుకొచ్చారు.

న్యాయనిర్ణేతలు ముఖముఖాలు చూసుకున్నారు. పళ్ల డాక్టరుగారు కన్నంలోకి తొంగిచూసి, "పుచ్చింది, పీకేయాల్సిందే" అన్నారు. అధ్యక్షులవారి ముఖం జేవురించింది.

"డైరెక్టరుగారూ, మీరిలా చేస్తారనుకోలేదు. కాయ కాయకపోతే కాయలేదని చెప్పొచ్చుగా? ఎక్కడో చౌకగా దొరికే ఏరివేత సరుకు కొనుక్కొచ్చి ఇక్కడ పెడతారా? చూస్తేనే తెలుస్తోంది, ఇది మన తోటలోది కాదని!"

"అయ్యయ్యో, నిజంగా నేనే పండించానండీ! ట్యాంకు వెనకాల!"

సభ గొల్లున నవ్వింది. "కాస్త మంచిది చూసి కొనలేకపోయారా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఏడో అంతస్తాయన శాలువా సర్దుకుని మరీ నవ్వాడు. నిజాయతీ లోపించినందున డైరెక్టరుగారి కాయను పోటీ నుంచి తొలగించారు. అయినా గురువు గురువే కాబట్టి, ఉత్త చేతులతో పంపడం బాగుండదని, మొదటి బహుమతి పొందిన మొక్క నుంచి ఒక వంకాయను ముఖ్య అతిథి స్వయంగా విప్పి... అంటే కోసి, ఆయన చేతిలో పెట్టారు.

డైరెక్టరుగారు ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపారు. ఒక చేతిలో వంకరది, రెండో చేతిలో నిగనిగలాడేది.

"ఏమండీ! కాయించారా? నిజంగా మీరేనా?"

"నేనేనే! నా మీద ఒట్టు, నేనే!"

ఆవిడ నిగనిగలాడే కాయను రెండు చేతులతో అందుకుంది. తిప్పి చూసింది, వెలుగులో పెట్టి చూసింది. ఆవిడ కళ్లు చెమర్చాయి. "ఎంత ముద్దొస్తోందండీ! ఇన్నేళ్లూ మిమ్మల్ని నోటికొచ్చినట్టల్లా అన్నాను. నా కళ్లు పోను!" అంది. ఆ తర్వాత రెండోదాని వంక చూసి ముక్కు చిట్లించింది. "ఇదెవరు అంటగట్టారు మీకు? పండించడమైతే వచ్చింది గానీ కొనడం ఇంకా రాలేదు సుమా." వంకర వంకాయను రెండు వేళ్లతో తోక పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది.

"అది కాదే..." అన్నారు డైరెక్టరుగారు.

"ఏది కాదు?" అంటూ తలెత్తి నవ్వింది ఆవిడ. కాపురం మొదలైన దగ్గర్నుంచి ఆ ముఖంలో అలాంటి మెప్పు ఆయనెన్నడూ చూసి ఎరగరు. చెత్తబుట్ట వైపు ఒకసారి చూశారు, ఆవిడ వైపు ఒకసారి చూశారు.

"ఏం లేదు" అన్నారు.

మధ్యాహ్నం ఆవిడ కొసరి కొసరి వడ్డించింది. "మన చేతి పంట రుచే వేరండీ. బజారు సరుక్కి వస్తుందా ఈ రుచి?" అంది. ఆయన రాదని ఒప్పుకుని, మారు వడ్డించుకున్నారు.

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. రేపు పొద్దున్న కూరగాయల కొట్లో వంకరవీ, మచ్చవీ, పురుగు రుచి చూసినవీ అన్నీ పక్కకి నెట్టేసి, అద్దంలా మెరిసేవాటిని ఏరి సంచీలో వేసుకున్నాక, కొట్టువాణ్ని నిలదీసి అడగడం మాత్రం మరిచిపోకండి, ఇవి మందు కొట్టనివేనా అని.