మాణిక్యమ్మ గుమ్మంలో దుంపల గుట్ట

రండి, ముందుకు రండి. ఆ వెనక నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి చాప మీద సర్దుకోండి. ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నా పర్వాలేదు, కథ అయ్యాక తేల్చుకుందురుగాని.

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు గజ్జి పుట్టింది. తాకితే అంటుకునే గజ్జి. జింకలకు బొచ్చు రాలిపోవడం చూసి సింహరాజు బెదిరిపోయి, జబ్బు తగ్గేదాకా ఎవరి బొరియలో వాళ్ళు, ఎవరి పొదలో వాళ్ళు ఉండాలని చాటించాడు. తిండికి లోటు లేకుండా కోతులు పొద్దున్నే దుంపలూ పళ్ళూ గుమ్మాల్లో పడేసి పోయేవి.

ఇంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఆగిపోతే అది సర్కారు ఎందుకవుతుంది?

నీలకంఠం అనే నెమలి సభలో లేచి, ఇంట్లో ఊరికే కూర్చుంటే బుర్ర చెడుతుంది మహారాజా, అందరికీ పనీ సంతోషమూ మనమే కల్పించాలి అన్నాడు. మాటలో తప్పేమీ లేదు. అన్నవాణ్ణే అధికారిని చెయ్యడంతో వచ్చింది చిక్కు.

ఉల్లాస శాఖ వెలిసింది. నీలకంఠం తనకు ఇష్టమైనవన్నీ అడవికంతటికీ కార్యక్రమంగా వేశాడు. తెల్లవారగానే సూర్యుణ్ణి చూసి చిరునవ్వు. ఆ తర్వాత నాట్యం. మధ్యాహ్నం నీళ్ళలో ఎవరి అందం వాళ్ళు చూసుకోవడం. పగలు కళ్ళు కనబడని గుడ్లగూబ, సూర్యుడు ఎటున్నాడో ఊహించుకుని నవ్వేది. తాబేలు గెంతలేక గెంతేది. బొరియలో నీళ్ళెక్కడివని ఎలుక అడిగితే, ఉన్నట్టు అనుకోమన్నారు.

సాయంత్రం చిలకలు గుమ్మం గుమ్మానికీ వచ్చి, "ఉల్లాసంగా ఉన్నారా?" అని అడిగేవి. లేమంటే మర్నాడు రెండింతల నాట్యం. అందుకని అడవిలో ఎవర్నడిగినా ఉల్లాసంగానే ఉన్నారు.

ఆ అడవిలో ఒక పాత పుట్ట కింద మాణిక్యమ్మ అనే ముళ్ళపంది ఒక్కతే ఉండేది. పెద్దది. నోరు కూడా పెద్దదే. ఆమెకు ఒక దుప్పి కొమ్ము ఉండేది. ముళ్ళపందులకు పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కదా, దాన్ని కరకర కొరుకుతూ పొద్దు గడిపేది.

మట్టిగోడకు అవతల భూషణం అనే పందికొక్కు కాపురం. వాడికి తవ్వడం తప్ప వేరే పని తెలియదు. వాడు తవ్విన మట్టి ఈమె ఇంట్లో పడేది. ఈమె కొరుకుడు వాడి చెవుల్లో పడేది. నా ఇల్లు చెత్తకుప్పలా కనబడుతోందా అని ఈమె మొదలుపెడితే, నీ పళ్ళు రాలిన రోజు అడవంతా పండగ అని వాడు అందుకునేవాడు. మధ్యలో వాడి తాతనూ ఆమె పుట్టింటినీ కూడా తెచ్చేవాళ్ళు. ఇద్దరి గొంతులూ ఆరిపోయాక గానీ అన్నానికి లేచేవాళ్ళు కాదు.

ఒక సాయంత్రం చిలకలు వచ్చినప్పుడు, ఉల్లాసంగానే ఉన్నానుగానీ ఆ ముసలమ్మ కొరుకుడు ఒక్కటే బాధ అని భూషణం నోరు జారాడు. అంతే. నీలకంఠం వెంటనే తీర్పు చెప్పాడు. కార్యక్రమంలో లేని కొరుకుడు బంద్. ఆ గోడ వైపు తవ్వకం బంద్. గోడకు అడ్డంగా మాటలు అసలే వద్దు. ఇద్దరి ఇబ్బందీ తీర్చాం కాబట్టి ఇద్దరూ రెట్టింపు ఉల్లాసంగా ఉండాలి.

భూషణం ఆ రోజు హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. నిద్ర రాలేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. జీవితమంతా కోరుకున్న నిశ్శబ్దం చెవిలో జోరీగలా గుయ్యిమంటోంది.

గోడవతల మాణిక్యమ్మ మొదట్లో నాట్యం చేసింది. ముళ్ళు గోడలో దిగబడి అక్కడే ఇరుక్కునేది. తర్వాత మానేసింది. కొమ్ము మూలన పడి ఉంది. తిట్టడానికి ఎవరూ లేరు, తిట్టించుకోవడానికీ లేరు. లేవడం దేనికి అనిపించింది. తినడం మాత్రం దేనికి అనిపించింది. చిలకలు వచ్చి అడిగితే మొదట "ఆఁ" అనేది, తర్వాత అదీ లేదు. జవాబు రాకపోతే తమ పనికి మాటొస్తుందని చిలకలే ఆమె బదులు "ఉల్లాసంగా ఉన్నాను" అనేసి ఎగిరిపోయేవి.

అలా ఉండగా ఒక సాయంత్రం అవి భూషణం దగ్గర మాణిక్యమ్మను మెచ్చుకున్నాయి. నీ పొరుగామెను చూసి నేర్చుకోవయ్యా, గొడవ లేదు, గోల లేదు, ఎంత కలిగిన ఇల్లో, గుమ్మంలో దుంపల గుట్ట పడి ఉంది అన్నాయి.

భూషణం తిండిపోతు. చదువు రాదుగానీ తిండి సంగతి వాడికి బాగా తెలుసు. దుంప గుమ్మంలో మిగిలిందంటే లోపల తినే నోరు లేదన్నమాట.

చిలకలు అటు వెళ్ళగానే గోడకు చెవి ఆనించాడు. ఊపిరి కూడా వినబడలేదు. తాకితే గజ్జి, పిలిస్తే శిక్ష. వాడికి వచ్చిన విద్య ఒక్కటే. గోడకు కన్నం పెట్టి చాటెడు మట్టి అటు తోశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకో చాటెడు తోశాడు. ఈసారి రాళ్ళు కూడా కలిపాడు. మూడోసారి ఇంట్లో ఉన్న చెత్తంతా ఊడ్చి తోశాడు.

సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వినబడింది.

"ఎవడ్రా అది? భూషణం, నీ చేతులు పడిపోనూ."

పందికొక్కు కళ్ళు తుడుచుకున్నాడు. "నేనే అత్తా. బతికే ఉన్నావా? నీ ఇల్లు ఖాళీ అయితే గోడ పడగొట్టి కలుపుకుందామని చూస్తున్నా."

"కలుపుకుంటావురా, ఎందుకు కలుపుకోవు. మీ తాత కూడా ఇలాగే చూసి చూసి పోయాడు. ఉండు, నీ పని చెబుతా."

పని చెప్పాలంటే ఓపిక కావాలి. ఓపిక కావాలంటే తినాలి. మాణిక్యమ్మ పాకుతూ గుమ్మం దాకా వెళ్ళి ఒక దుంప తిని, వెనక్కొచ్చి ఇంకో నాలుగు మాటలంది. మళ్ళీ ఒక దుంప తింది. చీకటి పడేలోగా కొమ్ము కరకరలాడింది. ఆ మోత వింటూ భూషణం గుర్రుపెట్టి నిద్రపోయాడు.

నీలకంఠం చిలకల నోట ఈ వార్త విని మండిపడ్డాడు. శిక్ష వెయ్యడానికి స్వయంగా బయల్దేరబోతుంటే వీపు దురద పెట్టింది. ఉల్లాసం ఎలా ఉందో చూస్తానని ఆయన ఒక్కడే అందరి ఇళ్ళలోకీ దూరి తిరిగాడు మరి. నాలుగు రోజులు తిరక్కుండా పింఛమంతా రాలింది. తీసుకెళ్ళి ఒక ఈతపొదలో ఒంటరిగా పెట్టారు. చూసేవాళ్ళు లేని నెమలి ఎంతసేపు ఆడుతుంది? సాయంత్రం చిలకలు వచ్చి అడిగితే, అడవి మొత్తం మీద మొదటిసారి ఒకడు "లేను" అన్నాడు. చిలకలకు చట్టం చట్టమే. రెండింతల నాట్యం వేసి వెళ్ళాయి.

ఆ ఈతపొద మాణిక్యమ్మ ఇంటికి కూతవేటు దూరం. మర్నాడు పొద్దున్నే, పింఛం లేకుండా ఏడుస్తూ ఎగురుతున్న నీలకంఠాన్ని ఆమె గుమ్మంలోంచి చూసింది.

"ఏమయ్యా అధికారీ, తోకతో పాటు నోరు కూడా ఊడిపోయిందా? అదేం ఆట, కోడిపెట్ట వేడి బూడిదలో కాలు పెట్టినట్టు?"

నీలకంఠం ఏడుపు ఆపాడు. "కోడిపెట్టా? నన్నా? నీకు నాట్యమంటే ఏం తెలుసు?" అని మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆపలేదు. గోడవతల నుంచి భూషణం ఇద్దర్నీ తిట్టాడు. ఆ పూట నీలకంఠం కడుపునిండా తిన్నాడు.

గజ్జి పోయింది. ముగ్గురినీ తగువే నిలబెట్టిందన్న అసలు సంగతి సింహరాజుకు తెలిసింది. ఆయన బాగా ఆలోచించి, ఉల్లాస శాఖ తీసేసి తగాదాల శాఖ పెట్టాడు. రోజూ సాయంత్రం చిలకలు వచ్చి, "తగువాడుకున్నారా?" అని అడుగుతున్నాయి. అడవంతా ఒక్క గొంతుతో "ఆడుకున్నాం" అని చెప్పి, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటోంది. మాణిక్యమ్మా భూషణమూ మాత్రం, రాజు చెప్పాక కూడా తగువాడాలా మానెయ్యాలా అన్న దాని మీద ఇప్పటికీ తగువాడుకుంటూనే ఉన్నారు.

నీతి: పక్కింట్లో చప్పుడు లేకుండా అంతా సుఖంగా ఉంటే, వెంటనే చాటెడు మట్టి పోసి రండి.

సరే, లేవండి. అన్నాలు చల్లారిపోతున్నాయి, ఇళ్ళకెళ్ళి తినండి. దారిలో కొట్టుకోకుండా వెళ్ళమని రోజూ చెబుతాను కదా, ఇవాళ్టికి ఆ మాట అననులే.