గుట్టెక్కిన శుద్ధి కేంద్రం

మురుగునీటి శుద్ధి కేంద్రం అనగానే ముక్కు మూసుకునేవాళ్ళంతా ఒక్కసారి మా ఊరు రావాలి. మా కేంద్రంలో వాసన రాదు, దోమ వాలదు, తొట్లు అద్దంలా మెరుస్తుంటాయి. రహస్యమేమీ లేదు. కట్టిన నాటినుంచి మొన్నటిదాకా అందులోకి ఒక్క చుక్క మురుగు కూడా రాలేదు!

ఎలా వస్తుంది? ఇళ్ళన్నీ కింద, కేంద్రం గుట్ట మీద. పల్లంలో కడితే హైవే మీద పోయేవాళ్ళకు కనిపించదనీ, ప్రారంభోత్సవం ఫొటోలో వెనకాల ఆకాశం పడదనీ మా ఊరి పెద్దగారు గుట్టే కావాలని పట్టుబట్టారు.

"మురుగు పైకెక్కదండీ," అని నసిగాడు ఇంజనీరు.

"పంపు పెడదాంలేవయ్యా," అన్నారు పెద్దగారు.

పంపుకన్నా ముందు రిబ్బను వచ్చింది. రిబ్బను కత్తిరించాక పంపు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇది ఊరికి దక్కిన వరమని నా వాదన. ఆపరేటరుకు ఓపిక బోలెడంత మిగిలిపోయి, రోజూ పొద్దున్నే తొట్లు ఊడ్చి కడుగుతాడు. చెప్పులు బయట విడవందే ఎవర్నీ లోపలికి రానివ్వడు. కొత్త జంటలు ఫొటోలు దిగేది అక్కడే. పిల్లలు పెద్ద తొట్టిలో దిగి బంతాట ఆడుకుంటారు, బంతి ఎటు కొట్టినా గోడకు తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి వెతుక్కునే బాధ లేదు. పోయినేడు తనిఖీకి వచ్చిన ఆఫీసరు శుద్ధి చేసిన నీళ్ళు శాంపిల్ ఇమ్మంటే, ఆపరేటరు తను తాగే సీసా వంచి పోశాడు. ఇంత స్వచ్ఛమైన నీళ్ళు తన సర్వీసులో చూడలేదని ఆఫీసరు సర్టిఫికెట్ రాసిచ్చాడు. అది పెద్దగారి హాల్లో ఫ్రేములో ఉంది.

మరి మురుగు ఎటు పోతోందంటారా? మీకన్నీ కావాలి. ఎప్పటిలాగే కింది వీధికి పోతోంది. ఆ వీధిలో చివరిల్లు మా అక్కది. మురుగు ఆమె గడప ముందు నిలబడి, తీరిగ్గా ఆమె బావిలోకి ఇంకుతుంది. ఆమె మనవరాలికి కామెర్లు తిరగబెట్టాయి. ముందు ఆ బావి నీళ్ళు మాన్పించమన్నాడు డాక్టరు. అక్క వెళ్ళి మొరపెట్టుకుంటే పెద్దగారు లేచి ఆ ఫ్రేము చూపించారు.

మా అక్కకు కోపమొస్తే అరవదు, ఏదో ఒక పని పెట్టుకుంటుంది. మొన్న గడప ముందు మురుగు బకెట్ నిండా ముంచుకుని, నొప్పుల మోకాళ్ళతోనే గుట్టెక్కింది. వద్దే అంటూ నేను వెనకే వెళ్ళాను. ఆపరేటరు చీపురుతో అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, ఇప్పుడే కడిగానమ్మా."

"అందుకే నాయనా, ఖాళీగా ఉన్నావని తెచ్చాను. దీన్ని శుద్ధి చేసిపెట్టు, పట్టుకుపోతాను," అని బకెట్ తొట్టిలో కుమ్మరించింది. ఆపరేటరు ముఖం చూడాలి, పాపం, ఏడుపొక్కటే తక్కువ.

మర్నాటికల్లా గేటుకు కొత్త తాళం పడింది. పక్కన గుండ్రటి అక్షరాలతో కొత్త బోర్డు వెలిసింది: "శుద్ధి కేంద్రంలోకి మురుగునీరు తేరాదు."

ఇంత మంచి జోకు చేతికొచ్చాక ఊరుకుంటానా? పరుగున వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఒళ్ళో మనవరాలు పచ్చబడ్డ కళ్ళు తెరిచి దాహమంటోంది.

"ఏ నీళ్ళు పట్టమంటావురా దీనికి?" అంది అక్క.