పెద్దాయనకి ఊపిరాడలేదు

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారి కారు కడగాలి, భార్యతో పాటు అందులో ఎక్కాలి, వంతెన అవతల ఉన్న చినమామగారింటికి భోజనానికి వెళ్ళాలి. అంతే. ఇంతకన్నా చిన్న పథకాలతో కొంపలు ముంచుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారని ఆయనకు అప్పుడు తట్టలేదు.

భోజనం మాత్రం చిన్నది కాదు. ఏడేళ్ళ కిందట మామగారు టర్బో ఇంజను కారు కొని, మొట్టమొదట తమ్ముడికే చూపించారు. తమ్ముడు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "టర్బోనా అన్నయ్యా? నాలుగు రోజులు పోతే పొగబండే ఇది" అన్నాడు. ఆ ముక్కతో అన్నదమ్ములకు మాటలు పోయాయి. మామగారు ఆ కారును కంటికి రెప్పలా చూసుకున్నారు, దానితో "మీరు" అనే మాట్లాడారు. అది చూసి ఇంట్లోవాళ్ళు దానికి పెద్దాయన అని పేరు పెట్టారు. ఇన్నాళ్ళకి తమ్ముడి భార్య పూనుకుని భోజనానికి పిలిస్తే, మామగారు ఒక్కటే షరతు పెట్టారు.

"నా బండిలోనే వస్తా, నేనే నడుపుతా. వాడి గుమ్మం ముందు పిసరంత పొగ వచ్చిందా, బండి తిప్పేస్తా. ఈ జన్మలో మళ్ళీ వాడి మొహం చూడను."

"అన్నంత పనీ చేస్తారండీ మా నాన్న," అంది కూతురు, మొగుణ్ణి పక్కకి లాగి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకున్నది ఒక్క బాబాయి. ఇవాళ గానీ చెడిందంటే ఇక అంతే సంగతులు."

"నేనున్నానుగా!"

"అదేగా నా భయం. మీరు పూడ్చిన నా పన్ను మొన్న మళ్ళీ ఊడొచ్చింది."

డాక్టరుగారు ఆ మాట విననట్టు నటించి, కారు కడిగి, స్టార్టు చేసి, ఇంజను తిరుగుతుండగానే బానెట్ ఎత్తారు. ఇంజను పక్కన చిన్న డబ్బా ఒకటి ఉంది. దాని మూతకు ఒక గొట్టం, గొట్టం కొసన ఒక రంధ్రం. అందులోంచి చలికాలపు పొద్దున మన నోట్లోంచి వచ్చే ఆవిరిలా సన్నగా ఏదో వస్తోంది. పొగ!

రంధ్రం కనబడితే చూస్తూ ఊరుకునే వృత్తి కాదు ఆయనది. ఇంటి ముందుగదే క్లినిక్కు. దూదితో నూనె తుడిచి, ఆరబెట్టి, పళ్ళు పూడ్చే సిమెంటు కూరి, వేలితో నున్నగా దిద్ది, నీలం దీపం పెట్టి గట్టిపరిచారు. అలవాటు కొద్దీ "ఓ గంట ఏమీ నమలకండి" అని ఇంజనుకు చెప్పారు కూడా. పొగ టక్కున ఆగింది. ఇంత చక్కటి పని జీవితంలో చేయలేదని ఆయనకే ముచ్చటేసింది.

హరి హరీ! ఇంజను లోపల జరిగే సంగతి తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు అక్కడ నిప్పు అంటుకుంటుంది. పిస్టన్లు ఎంత బిగువుగా ఉన్నా, ప్రతిసారీ పిసరంత గాలి పక్కల నుంచి జారి కిందనున్న నూనె గదిలో పడుతుంది. గాలిని కుక్కి కుక్కి పంపే టర్బో ఉంటే ఆ జారేది మరీ ఎక్కువ. నూనె తుంపర్లతో కలిసిన ఆ గాలి ఎటో ఒకవైపు బయటపడాలి. ఆ చిన్న డబ్బా నూనెను ఆపుకుని గాలిని మాత్రం వదులుతుంది. అంత ఇనుము, అంత మంట, అంత వేగం, అన్నీ ఒక చీపురుపుల్ల పట్టే రంధ్రం దయమీద బతుకుతున్నాయి. ఎంత వింత! ఆ రంధ్రానికే మన డాక్టరుగారు సిమెంటు పెట్టారు.

వంతెన ఎక్కేటప్పుడు మామగారు కాలు గట్టిగా నొక్కారు. టర్బో ఈల వేసింది. ఊపిరి బిగబట్టిన ఇంజనులో, టర్బో నుంచి కిందికి దిగాల్సిన నూనె దిగలేక పొగగొట్టంలోకి దారి చూసుకుంది. బానెట్ కింద నూనె కొలిచే పుల్ల టప్పుమని ఎగిరిపడింది. కారు ఆగింది. ఆ తరవాత వెలువడింది పొగ.

ఏం పొగ! నీలంగా, నిండుగా, తొణక్కుండా లేచి వంతెనను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కప్పేసింది. వెనక బస్సు డ్రైవరు దిగివచ్చి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"నా సర్వీసులో ఇంత పొగ చూళ్ళేదండీ," అన్నాడు భక్తిగా.

కూతురు దగ్గుకుంటూ పిన్నికి ఫోన్ చేసింది. "పిన్నీ, మాకు ఆలస్యమవుతుంది. వంతెన మీదున్నాం. పెద్దాయనకి ఊపిరాడట్లేదు... ఒకటే నూనె కక్కుతున్నాడు..." అంతలో దగ్గు తెర ముంచుకొచ్చి ఫోన్ చేతిలోంచి జారిపోయింది. ఏడేళ్ళుగా రాకపోకలు లేని పిన్నికి పెద్దాయన అంటే కారని ఎలా తెలుస్తుంది?

చినమామగారు వచ్చేశారు, అదీ అంబులెన్సులో! సగం గడ్డానికి సబ్బునురగ అలాగే ఉంది. పొగలో తడుముకుంటూ వస్తే, కారు కిందినుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి. నూనె ఎక్కడ కారుతోందో చూద్దామని వెల్లకిలా దూరిన మామగారి కాళ్ళవి. చినమామగారు వాటిని పట్టుకుని ఒక్కసారిగా భోరుమన్నారు.

"అన్నయ్యా! నన్నొదిలి వెళ్ళిపోయావా అన్నయ్యా!"

బయటికి రాబోతున్న కాళ్ళు ఠక్కున ఆగిపోయాయి. డాక్టరుగారు కంగారుగా వంగి "మామగారూ, చినమామగారు..." అనబోయారు.

"ష్!" అంది కారు కిందినుంచి ఒక గొంతు. "వాణ్ణి మాట్లాడనీ."

"నీ బండిని పొగబండి అన్న ఈ నోరు పడిపోను! బంగారంలాంటి బండి! అందరూ వినండయ్యా, మా అన్నయ్య బండి..." చినమామగారికి దగ్గు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని, పక్కనున్న మనిషి కూడా కనిపించని ఆ పొగలో, గొంతెత్తి చెప్పారు. "మా అన్నయ్య బండి ఏనాడూ పొగ వదల్లేదు!"

"మళ్ళీ అను," అంది కారు.

చినమామగారు కాళ్ళు వదిలేసి వెనక్కి పడ్డారు. మొహమంతా నల్లటి నూనెతో మామగారు పాక్కుంటూ బయటికొచ్చారు. నూనె లేని చోట కన్నీళ్ళున్నాయి.

"బతికే ఉన్నావా! పెద్దాయనకి ఊపిరాడట్లేదన్నారే!"

"పెద్దాయనంటే నేను కాదురా, బండి."

"నాకు పెద్దాయనవి నువ్వేగా అన్నయ్యా!"

మామగారు చేతులు చాచారు. తమ్ముణ్ణి దగ్గరికి లాక్కున్నారు. నూనె అంతా నురగకి అంటుకుంది. బస్సు డ్రైవరు కూడా ముక్కు చీదుకున్నాడు.

పొగ పలచబడ్డాక అన్నదమ్ములిద్దరూ బానెట్‌లోకి తొంగిచూశారు. మామగారి వేలు గొట్టం కొస దగ్గర ఆగింది. ఆ కొస తెల్లగా, నున్నగా మెరుస్తోంది.

"ఇదెవరు పూడ్చారు?"

భార్య మొగుడివైపు చూసింది. డాక్టరుగారు వంతెన కింది నీళ్ళవైపు చూశారు.

"పిసరంత పొగ కూడా రాకూడదన్నారుగా మామగారూ..."

మామగారి మొహం నూనె కిందనే ఎర్రబడటం మొదలైంది. చినమామగారు అడ్డొచ్చారు. "అల్లుణ్ణి ఏమీ అనకు అన్నయ్యా. ఆ రంధ్రం మూసుకుపోతే గానీ నా నోరు పెగల్లేదు."

పేషెంటు లేకుండా కదలనని అంబులెన్సు డ్రైవరు భీష్మించాడు. మామగారు దర్జాగా స్ట్రెచర్ మీద పడుకున్నారు, తమ్ముడు తల దగ్గర కూర్చున్నాడు, అందరూ అందులోనే భోజనానికి వెళ్ళారు.

మర్నాడు మెకానిక్ షెడ్డులో ఆ సిమెంటును సూదితో పొడిచారు, ఉలితో కొట్టారు, డ్రిల్లుతో తొలిచారు. కదల్లేదు. చివరికి గొట్టమే మార్చారు. డాక్టరుగారు ఇన్నేళ్ళలో పూడ్చినవాటిలో ఊడిరానిది ఇప్పటికీ అదొక్కటే.