అరగంటకోసారి పలకరించే మిషన్

కొడుకూ కోడలికంటే బీపీ మిషన్ నయం! ఈ మాట కోపంతో అనడం లేదు. రెండు పగళ్లూ రెండు రాత్రులూ దానితో కాపురం చేసి మరీ చెబుతున్నాను.

ఆస్పత్రిలో చూసినప్పుడల్లా నా బీపీ చుక్కల్లో ఉంటోంది. జీవితాంతం మాత్రలు మింగాలా, లేక డాక్టరును చూసిన భయానికే అది పెరుగుతోందా? తేల్చడానికి నా చేతికి పట్టీ చుట్టి, నడుముకో డబ్బా తగిలించారు.

"ఇంట్లో రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. ఏ వేళకు ఏం చేశారో ఈ కాగితం మీద రాయండి," అంది నర్సు.

అరగంటకోసారి డబ్బా గుర్రుమంటుంది, పట్టీ బిగుస్తుంది. అప్పుడు కదలకూడదు, మాట్లాడకూడదు. నేనొక్కదాన్నే అనుకున్నారా? ఇల్లంతా!

"టీవీ ఆపండి, అత్తయ్యకి మిషన్ మోగుతోంది!" అని కోడలి కేక.

"నువ్వు అరవకే తల్లీ, ఆ కేకకే పది పెరుగుతుంది," అని కొడుకు గొణుగుడు.

గిన్నె పట్టుకోబోతే లాక్కున్నారు. బట్టలు మడతపెట్టబోతే కూర్చోబెట్టారు. ఎన్నడూ లేనిది మూడుసార్లు మంచినీళ్లు నా దగ్గరికే నడిచొచ్చాయి, అదీ అడక్కుండా! మీరే చెప్పండి, ఇంత మర్యాద ఏ బిరుదు ఇస్తే వస్తుంది? నన్నడిగితే ఇంటింటి పెద్దావిడకూ ఒకటి తగిలించాలి.

మర్నాడు అంకెలు చూసి డాక్టరు మురిసిపోయాడు. పడుచుపిల్ల బీపీ! మాత్రలు అక్కర్లేదంటూనే నా కాగితం అందుకున్నాడు.

"పది గంటలు: కూర్చున్నాను. పదిన్నర: కూర్చున్నాను. పదకొండు: కోడలు గిన్నెలు తోమింది, చూశాను."

"అమ్మా, మీరు రోజూ ఇలాగే ఉంటారా?"

అబద్ధమాడదామనుకున్నాను. "లేదు బాబూ, నిన్న ఒక్కరోజే," అనేశాను.

"అయితే ఈ టెస్టు చెల్లదు. మళ్లీ కట్టుకోండి. ఈసారి నిజంగా మామూలుగా ఉండాలి."

ఆ మాట చెప్పగానే ఇంట్లో అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

"ముందే చెప్పొద్దూ! అనవసరంగా అవస్థపడ్డాం," అన్నాడు కొడుకు, టీవీ సౌండు పెంచుతూ.

"అత్తయ్యా, పొయ్యి మీద పాలు చూడండి," అంది కోడలు గదిలోంచి.

డబ్బా గుర్రుమంది. కదలకూడదు. కానీ ఆ సంగతి పాలకు తెలియదుగా? పరుగెత్తాను.

ఈసారి టెస్టు చెల్లింది. డాక్టరు రోజుకో మాత్ర, జీవితాంతం అని రాశాడు.

సైన్సు గొప్పదే, కాదనను. బీపీ పెరగడానికి ఇంటిల్లిపాదీ కావాలని తేల్చింది. మాత్రకు మాత్రం నేనొక్కదాన్ని చాలట!