చిగురుకు వేసిన అతుకు

పెద్ద వరదకు మార్కెట్టు షెడ్డు కొట్టుకుపోయిన మరుసటి ఏడు, కూరగాయల వేలం వేసే మేస్త్రికి కింది పంటి చిగురు జారిపోయింది. ముందుపన్ను మొదలంటా బయటపడి ఊగుతోంది. అది ఊడితే మాట తుస్సుమంటుంది. తుస్సుమనే మాటకు వంకాయ బుట్ట కూడా అమ్ముడుపోదు. అందుకని ఒక ఉదయం పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళి, అంగిలి నుంచి చిన్న ముక్క తీయించి చిగురుకు కుట్టించుకున్నాడు.

"అతుకు పట్టుకునేదాకా పెదవి లాగకండి. ఎవరడిగినా చూపించకండి," అన్నాడు డాక్టరు.

మేస్త్రి తలూపాడు. తలూపడానికి ఏం పోయింది?

ఇంట్లో అడుగుపెట్టగానే బావమరిది తగులుకున్నాడు.

"నోట్లో ముక్క కోసి నోట్లోనే కుట్టాడా? నిన్నెవడో ఆడించాడు బావా. ఏదీ, చూపించు."

మేస్త్రి అడ్డంగా తలూపాడు.

"చూపించట్లేదంటే లేదన్నమాటే. అక్కా, బావ మోసపోయాడే!"

పౌరుషం పొడుచుకొచ్చి మేస్త్రి పెదవి లాగి చూపించాడు. బావమరిది అంతటితో ఊరుకునే రకమా? కుట్టు మీద అనుమానమొచ్చి ఎదురింటి టైలరును పిలుచుకొచ్చాడు.

టైలరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇది కుట్టా? దీన్ని మేం టాకా అంటాం, తర్వాత విప్పేసే పచ్చి కుట్టు. ట్రయలు చూసేదాకా నిలిస్తే గొప్ప. ఇంకాస్త లాగండి, అంచు కనబడట్లేదు."

లాగాడు.

టైలరు చెప్పింది మార్కెట్టుకు చేరేసరికి మేస్త్రికి మూతే కుట్టేశారని తేలింది. మార్కెట్టు యజమాని రొప్పుకుంటూ వచ్చాడు.

"మూతి కుట్టించుకున్నావటగా! వేలానికి ఇంకొకణ్ణి చూసుకోనా?"

పని పోతుందన్న భయంతో మేస్త్రి రెండు చేతులా పెదవి గడ్డందాకా లాగాడు. అతుకు ఊడి దారానికి వేలాడింది.

"నేను చెప్పలేదూ, టాకా అని!" అన్నాడు టైలరు, పెళ్ళి బట్టలకు ఆర్డరొచ్చినంత సంతోషంగా.

డాక్టరు సాయంత్రం అంగిలి రెండోవైపు కోసి మళ్ళీ కుట్టాడు.

"ఇదీ ఊడితే పన్ను దక్కదు. ఈసారి దేవుడే దిగొచ్చి అడిగినా పెదవి లాగకండి! రేపొకసారి రండి."

మర్నాడు ఉదయం మేస్త్రి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏదీ, పెదవి లాగండి, చూద్దాం," అన్నాడు డాక్టరు.

మేస్త్రి అడ్డంగా తలూపాడు.

"నేనండీ, డాక్టర్ని!"

ఇంత చదివి ఇతగాడికీ చూడాలనే ఉందా అన్నట్టు ఒక చూపు చూసి, మూతి బిగించుకుని, మేస్త్రి కుర్చీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.